వంద ఇత్తడి మెడలు

నూట డెబ్బై ఒకటి పాయింట్ రెండు, దీనికి ముందుది నూట డెబ్బై పాయింట్ తొమ్మిది, దానికి ముందుది నూట డెబ్బై రెండు, ఇవేం బరువులు, ఒక్క నెలలో ఇంత ఒళ్ళు తగ్గే కిటుకు మనుషులకు తెలిస్తే ఎంత బాగుండేది, అనుకుంటూండగానే రాజేశ్వరి ముక్కు చివర వేలాడుతున్న చెమట బొట్టు రాలి త్రాసు పళ్ళేనికి అంగుళం ఇవతల పడింది, పళ్ళెంలో పడి ఉంటే మళ్ళీ మొదటి నుంచి, ఏసీ ఆపాలి, ఫ్యాను ఆపాలి, వంటింటి కిటికీ మూయాలి, ఊపిరి కూడా పక్కకు తిప్పి వదలాలి, ఎందుకంటే ఈ త్రాసు గాలికి కూడా లెక్క చూపిస్తుంది, ఆడదాని ఊపిరి బరువు ఇంతని చెప్పగలిగే యంత్రం ఇంట్లో ఒకటి ఉన్నందుకు సంతోషించాలో ఏమో, బయట ఇబ్రి అనే ఈ ఎడారి ఊరి ఎండ గోడలను దాటుకుని లోపలికి నడిచి వస్తోంది, శుక్రవారం పదిన్నర, వీధిలో పిట్ట లేదు, మొగుడు వీరబ్రహ్మం లోపలి గదిలో ఏసీ కింద ఫోను చూస్తూ పడుకుని ఉన్నాడు, ఆ గదిలో ఏసీ ఉండొచ్చు, అక్కడ తూచవలసినదేమీ లేదు కదా.

తొడుగులు వంద, రైఫిల్లో కాల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి తొడుగులు, చిటికెన వేలంత పొడవు, పైకి సన్నబడిన మెడ, క్లబ్బులో వీటిని బ్రాస్ అంటారు, ఒకసారి కాల్చాక పారేయరు, కడిగి, సాగదీసి, సైజు చేసి, మళ్ళీ మందు నింపి మళ్ళీ కాలుస్తారు, ఆ మందు నింపే పని అర్బాబ్ మస్కట్‌లోని తన క్లబ్బులోనే తాళం వేసుకున్న గదిలో స్వయంగా చేసుకుంటాడు, అర్బాబ్ అంటే ఆ షూటింగ్ క్లబ్బు యజమాని, వీరబ్రహ్మం పనిచేసే వర్క్‌షాపూ ఆయనదే, వీసాలూ ఆయన ఇచ్చినవే, ఇంటికి వచ్చేది ఖాళీ ఇత్తడే, మూడు వందల మీటర్ల అవతల రూపాయి బిళ్ళంత చోట ఇరవై గుండ్లూ పడాలంటే ఈ తొడుగులన్నీ ఒక్క తల్లి కన్న బిడ్డల్లా ఉండాలట, బరువు ఒకటే, మెడ మందం ఒకటే, లోపల పట్టే నీళ్ళు ఒకటే, ఒక్క తల్లి కన్న బిడ్డలు ఎక్కడ ఒకటిగా ఉన్నారో రాజేశ్వరి అడగలేదు, ఆరేళ్ళుగా తూస్తూనే ఉంది, తూచి, మైక్రోమీటరుతో మెడను నాలుగు వైపులా కొలిచి, అడుగు చిల్లు మూసి దబ్బనమంత సిరంజితో నీళ్ళు పోసి మళ్ళీ తూచి, నోటుబుక్కులో సగటు ఇంత, తేడా ఇంత, ప్రామాణిక విచలనం ఇంత అని రాసి, ఇంటింటికీ రెండిడ్లీలు ఎక్కువైనా తక్కువైనా పట్టించుకోని ఈ లోకంలో గ్రెయిన్ అనే గింజ బరువులో పదో వంతు కోసం కళ్ళు చిట్లించుకుంటూ, గ్రెయిన్ అంటే గురివింద గింజలో సగమంత బరువు, మామగారికి చెబితే నవ్వుతాడు, కాదు, నవ్వడు, ముందు త్రాసు ముట్టుకున్నందుకు తిడతాడు.

ప్రొద్దుటూరులో మామగారిది బంగారం పని, అంగడిలో గాజు పెట్టెలో త్రాసు, కంసాలి ఇంట ఆడవాళ్ళు దాన్ని ముట్టకూడదు, ముడితే తూకం చెడుతుందట, కాపురానికి వచ్చిన మూడో రోజున గాజు మీద దుమ్ము కనిపించి కొంగుతో తుడవబోతే అత్తగారు నట్టింట్లోంచే కేక వేసింది, ఒసే పిల్లా, దాన్ని ముట్టుకుంటివా, ఇంగ మీ మామ అంగడి మూసుకోవాల్సిందే, నేను బీయస్సీ మా, ప్రాక్టికల్స్‌లో తూకానికి యాభైకి నలభై తొమ్మిది వచ్చినాయి అని చెప్పాలనుకుంది, చెప్పలేదు, ఆ పోయిన ఒక్క మార్కు ఎందుకు పోయిందని ఆవిడ అడుగుతుందేమోనని భయం వేసింది, సముద్రం దాటి వచ్చాక మాత్రం త్రాసు తనంతట తానే వంటింట్లోకి వచ్చింది, మొదటి నెల వీరబ్రహ్మం పదిహేను తొడుగులు తూచి మెడ నొప్పి అన్నాడు, మే, నేను చెప్తాంటా, నువ్వు రాసుకో, అన్నాడు, రెండో నెల, మే, నువ్వే చూసి నువ్వే రాసుకో, నాకు వర్క్‌షాపులో శానా పనుండాది, అన్నాడు, మూడో నెల నుంచి ఏమీ అనలేదు, డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేవాడు, కూరగాయల సంచీ పెట్టినట్టే, తూకం చెడలేదు, అంగడీ మూతపడలేదు, క్లబ్బులో మాత్రం పేరు వచ్చింది, ఈ హిందీ, అంటే ఇండియా మనిషి చేతిలో ఏదో ఉంది అని అర్బాబ్ తెచ్చిన అతిథులకు చూపించేవాడట, కంసాలి చేయి అని, ఏడు తరాల చేయి అని, ఆ ఏడు తరాల్లో తను ఏ తరమో.

చింతపండు కూడా అంతే, ఇత్తడి అనగానే చింతపండు గుర్తురాని తెలుగు ఆడది ఉంటుందా, మొదటిసారి వచ్చిన తొడుగులు నల్లగా మసిబారి ఉంటే తను పులుసు పిసికిన పిప్పిని పారేయబోతూ ఆ నీళ్ళలో పది నిమిషాలు వేసి, కడిగి, మిద్దె మీద ఎండబెట్టింది, అంతే, పది నిమిషాలు, ఉప్పు లేకుండా, అవి తళతళలాడుతూ క్లబ్బుకు వెళితే అర్బాబ్ నోరు తెరిచి ఏ మిషను, ఏ మందు అని అడిగాడట, వీరబ్రహ్మం ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పాడు, ఫార్ములా సార్ అని చెప్పినా మే, మా నాయన నేర్పించిండేది, ఎవరికీ చెప్పరాదు అన్నా, అని, తనూ నవ్వింది, నవ్వడం తప్పు, అప్పుడు నవ్వినందుకే ఇప్పుడు ఇక్కడ కూర్చుని చెమటలు కారుస్తోంది, ఫార్ములా, చారు పెట్టగా మిగిలిన పిప్పి ఫార్ములా అయి కూర్చుంది, పోనీ అలాగే ఉండనిచ్చినా బాగుండేది.

పోయిన నెల రయ్యా రాకపోయి ఉంటే అలాగే ఉండేది, అర్బాబ్ కూతురు, ఇరవై రెండేళ్ళ పిల్ల, రైఫిల్ షూటింగ్‌లో నాన్నను మించిపోయింది, డబ్బా తీసుకోవడానికి తండ్రితో పాటు వచ్చి బల్ల దగ్గర నిలబడి నోటుబుక్కు తిరగేసింది, ఇవన్నీ ఎవరు రాశారు, ఈ చేతిరాత మీదేనా, అని నేరుగా రాజేశ్వరినే అడిగింది ఇంగ్లీషులో, అవునన్న మాట నాలుక మీదికి వచ్చేలోపే వీరబ్రహ్మం, మేడమ్, నేను చెబుతుంటే ఆమె రాస్తుంది, ఆమెకు కడగడం, తుడవడం, చాయ్ ఇవ్వడం, అన్నాడు, రాజేశ్వరి చాయ్ ఇవ్వడానికి వెళ్ళింది, తలుపు చాటున చక్కెర కలుపుతూ విన్నది, రయ్యా ఇంకా ఏదో అడుగుతోంది, కడగడం ఎలా అని, అతను నవ్వుతున్నాడు, ఆ తర్వాత నుంచి కడిగే తొడుగులు ఇంటికి రావడం మానేశాయి, అతను అలిగాడని కూడా అనుకోలేదు, వర్క్‌షాపులోనే కడుగుతాండా లే, నీకు శ్రమ తగ్గింది, అన్నాడు, ఎంతసేపు నానబెట్టాలో అడగలేదు, అడగడం అంటే ఆ ఫార్ములా ఎవరిదో ఒప్పుకోవడం, తనకు తానే ఒప్పుకోవడం, అంత కష్టం ఎవరు పడతారు.

నూట డెబ్బై పాయింట్ ఆరు, ఇదే వంద పోయిన నెల తూచినప్పుడు యూనిఫారం వేసుకున్న పిల్లల్లా వరసగా నిలబడ్డాయి, సగటు నూట డెబ్బై రెండు పాయింట్ మూడు, అర గ్రెయిన్ తేడా కూడా లేదు, ఇప్పుడు ఒక్కొక్కటి ఒక్కో దారి, తూకం తప్పు కాదు, త్రాసును మూడుసార్లు సరిచూసింది, తొడుగే తగ్గింది, పైకి మాత్రం పెళ్ళికూతురిలా మెరుస్తోంది, మిషనులో వేసి పాలిష్ చేసినట్టున్నాడు, మెరుపు ఎక్కువైతేనే అనుమానించాలి, ఫోను టార్చి వేసి మెడలోకి చూసింది, లోపల గులాబి రంగు, పసుపు ఉండవలసిన చోట గులాబి, ఇంకొకటి చూసింది, గులాబి, మరొకటి, గులాబి, బీయస్సీ రెండో సంవత్సరం రసాయన శాస్త్రం ఇబ్రిలో వంటింటి బల్ల దగ్గర వచ్చి పక్కన కూర్చుంది, ఇత్తడి అంటే రాగీ జింకూ కలిసి చేసే కాపురం, పులుపు, ఉప్పు ఎక్కువసేపు తగిలితే జింకు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది, రాగి ఒక్కటే మిగులుతుంది, అందుకే గులాబి, గోడలు బయటికి అలాగే నిలబడి ఉంటాయి, లోపలంతా చిల్లులు, చూసినవాళ్ళు నిక్షేపంలాంటి ఇల్లు అనుకుంటారు.

లేచి లోపలి గదికి వెళ్ళింది, చల్లగాలి మొహానికి కొట్టింది, ఏమయ్యా, దీన్ని ఎంతసేపు నానేసినావు, అంది, అతను ఫోను మీంచి కళ్ళు తిప్పకుండా, ఆదివారం ఏసినా, సైటు కాడ కొత్త షెడ్డు పనిలో పడి మర్సిపోయినా, బుధవారం తీసినా, ఏం, బాగా వచ్చినాయి గదా, అన్నాడు, మూడు రోజులు, ఉప్పు వేసినావా, ఏసినా, రెండు పిడికిళ్ళు, ఉప్పేస్తే ఇంగా తెల్లగా వస్తాదని, ఎవరు చెప్పినారు, ఎవురు చెప్పేదేంది మే, చిన్నప్పట్నుంచి చూస్తాండ్లా మాయమ్మ బిందెలు తోమేది, అన్నాడు, రాజేశ్వరి తలుపు పట్టుకుని నిలబడింది, చింతపండు, రెండు పిడికిళ్ళ ఉప్పు, మూడు రోజులు, కాస్త కారం, మెంతిపిండి, ఇంగువ తిరగమోత, అంతే కదా తక్కువ, ఇతను బ్రాస్ కడగలేదు, ఊరగాయ పెట్టాడు, పకపకా నవ్వాలనిపించింది, నవ్వలేదు, ఎందుకంటే ఇవి సాయంత్రం అర్బాబ్ చేతికి వెళతాయి, రాత్రికి మస్కట్‌లో అతను మందు నింపుతాడు, రేపు పొద్దున పోటీలో రయ్యా రైఫిల్లో పెట్టి, చెంప ఆనించి, ఒక కన్ను దాదాపు దాని మీదే పెట్టి, కాలుస్తుంది.

కటింగ్ ప్లయర్ తెచ్చింది, మైక్రోమీటరు చెప్పనిది ప్లయర్ చెబుతుంది, పోయిన ఏడాది పక్కకు తీసేసిన పాత తొడుగు ఒకటి మసాలా డబ్బాల వెనక పడి ఉంటే దాని మెడను ముందు నొక్కింది, సొట్ట పడింది, వదిలితే కాస్త పొంగింది, మంచి ఇత్తడి, తిట్టినా మర్యాదగా ఉండే రకం, తర్వాత ఊరగాయ తొడుగు నొక్కింది, టిక్కుమని అప్పడంలా పగిలింది, పగిలిన చోట గులాబి, ఇంకొకటి నొక్కింది, అదీ పగిలింది, మెడే ఇట్లా ఉంటే పేలుడు దెబ్బ కాచుకోవలసిన అడుగు ఎట్లా ఉందో, చేతిలో ఆ రెండు ముక్కలూ పెట్టుకుని అలాగే కూర్చుంది, బియ్యం కడగాలి, పప్పు పొంగుతోంది, ఎవరిదో కన్ను.

అన్నం వడ్డించేటప్పుడు చెప్పింది, ఆ బ్రాస్ పనికిరాదు, జింకు పోయింది, అంది, అతను ముద్ద కలుపుతూ, జింకు యాడికి పోతాది మే, అది ఏమన్నా ఎమిగ్రేషన్ చేయించుకున్యాదా, అన్నాడు, పగిలిన ముక్కలు పళ్ళెం పక్కన పెట్టింది, అట్ల నొక్కితే ఏదైనా పగుల్తాది, మనిషి మెడ గూడా పగుల్తాది, అన్నాడు, మంచిది నొక్కితే పగల్లా, సొట్ట పడింది, చూడు, అంది, చూశాడు, చాలాసేపు చూశాడు, తెలియనివాడు కాదు, లోహం పట్టుకుని పెరిగినవాడు, మొహంలో ఒక్క క్షణం మామగారు కనిపించాడు, తర్వాత మళ్ళీ ఇతనే, ఆ పిల్ల కాల్చేది ఇరవై గుండ్లు, ఒక్క దినం, ఏం గాదు లే, అన్నాడు, ఆ ఇరవైలో ఒక్కటి వెనక్కి తన్నిందంటే ఏం చేస్తావు, కంటికి జానెడు దూరంలో పేలేది, అంది, అద్దాలు పెట్టుకుంటాది గదా, అన్నాడు, అన్నాక అతనికే ఆ మాట నచ్చనట్టు మజ్జిగ గ్లాసు ఎత్తి తాగాడు, లాట్ చెడిపోయిందని చెప్పు, అంతే, అంది, ఎట్ల చెడింది అని అడగడా, అడిగితే నిజం చెప్పు, నిజమా, ఆరేండ్ల నుంచి ఫార్ములా ఫార్ములా అని మీసం తిప్పితిని, ఇప్పుడు సార్, ఉప్పులో ఊరేసినా సార్ అని చెప్పల్నా, ఫిన్‌లాండ్ నుంచి తెప్పించిండే బ్రాస్ మే అది, ఆ పిల్ల కోసరం ఏరి ఏరి పెట్టుకున్న వంద, చెప్తే ఖలాస్, రేపే టికెట్టు చేతిలో పెడ్తాడు, నీదీ నాదీ, ఒకే ఫ్లయిటు, అన్నాడు, చెయ్యి కడుక్కుంటూ తిరిగి చూసి, పోయిన నెల లెక్కలుండాయి గదా, అవే రాయి, నువ్వు రాయకపోతే నేను రాస్తా, నీ మాదిరే రాసేది నాకూ వస్తాది, అన్నాడు, అని పడుకోవడానికి వెళ్ళాడు, శుక్రవారం మధ్యాహ్నపు నిద్ర పోగొట్టగలిగింది ఇంతవరకు ఈ ప్రపంచంలో ఏదీ పుట్టలేదు.

పప్పు గిన్నె తోముతూంటే ఫోను మోగింది, అర్బాబ్ ఇంట్లో వంట చేసే అమ్మణ్ణి, పాలకొల్లు దగ్గర మనిషి, ఏవండీ రాజేశ్వరిగారూ, భోంచేశారాండీ, మావోళ్ళు అసర్ నమాజు, అదేనండీ సాయంత్రప్పూట నమాజు, అవ్వగానే మీ ఇంటికొచ్చేస్తారండీ, డబ్బా తీసుకుని అట్నించటే మస్కట్ అండీ, మా చిన్నమ్మాయిగారు పొద్దున్నించి ఒక్క ఖర్జూరం ముక్క తప్ప నోట్లో పెట్టలేదండీ బాబూ, రేపు గెలిస్తే దేశం తరఫున పంపుతారంటండీ, తుపాకీని చంటిపిల్లలా తుడిచిందే తుడుస్తున్నారు, నన్ను చూసి అమ్మణ్ణీ, దువా చెయ్యి అన్నారండీ, నాకొచ్చిన దణ్ణమేదో నేను పెట్టానండీ, రాజేశ్వరి తడి చేత్తో ఫోను పట్టుకుని, ఆ పిల్లకు కళ్ళజోడు ఉందా అమ్మణ్ణిగారూ, అని అడిగింది, ఎందుకు అడిగానా అని తనే అనుకుంది, ఎడం కంటికి ఏదో లోపం ఉందండీ చిన్నప్పట్నించీ, అంతా కుడి కన్నే, ఆ కన్నెంత పెద్దదో చూశారా, కాటుక పెడితే ఎక్కడికో పోద్ది, అన్నట్టు మా అర్బాబ్‌గారు పొద్దున్నే అంటున్నారండీ, వీరబ్రహ్మం చేతులుంటే చాలు, ఆ చేతులకు బంగారు కడియాలు వెయ్యాలని, ఏవండీ, విన్నారా, లైన్లో ఉన్నారా, అంది అమ్మణ్ణి, ఏ చేతులకు అని అడగబోయి, ఉన్నానండీ, అంది రాజేశ్వరి, ఇక్కడే ఉన్నాను.

ఒకే కన్ను, ఫోను పెట్టేశాక ఆ మాట వంటింట్లో తిరుగుతూనే ఉంది, ఒకటే కన్ను, రెండు లేవు, లెక్కలు మార్చి రాయను అని తను కూర్చుంటే లాభం లేదు, అతను లేచి రాస్తాడు, రాయకుండా డబ్బా దాచేస్తే వెతికి ఇస్తాడు, అమ్మణ్ణితో చెప్పిస్తే వంటమనిషి మాట ఎవరు వింటారు, అర్బాబ్‌కు ఫోను చేసి చెప్పాలంటే ఆ నంబరు తన దగ్గర లేదు, ఆరేళ్ళుగా ఆయన తొడుగులు తూస్తోంది, ఆయన నంబరు లేదు, ఉన్నా ఏమని మొదలుపెట్టాలి, నేను చాయ్ ఇచ్చే మనిషిని మాట్లాడుతున్నాను అనా, రెండున్నర అయింది, లోపల గురక ఒక లయలో పడింది, రాజేశ్వరి బల్ల దగ్గర కూర్చుంది, ప్లయర్ తీసుకుంది, ఫ్యాను వేసుకుంది, ఇక త్రాసుతో పని లేదు కనుక గాలికి భయపడనక్కరలేదు, హాయిగా ఉంది, మొదటి తొడుగు మెడ పట్టుకుని నొక్కింది, టిక్, రెండోది, టిక్, వీసా పోతే పోతుంది, టిక్, ప్రొద్దుటూరులో అత్తగారు ఏమంటుంది, ముట్టుకుంటివా, అంటుంది, ముట్టుకుంటిని అత్తా, టిక్, కూరలోకి మునక్కాడలు విరిచినట్టే ఉంది, కాకపోతే ఇవి ఎవరూ తినకూడదని విరవడం, టిక్, ఒకటి పగల్లేదు, సొట్ట పడి ఊరుకుంది, గిన్నె అడుగున పడి పులుపు తక్కువ తగిలినట్టుంది, అదృష్టవంతురాలు, దాన్ని పక్కన పెట్టబోయి ఆగింది, దాన్ని చూపించి మిగతావి కూడా ఇట్లనే ఉండాయి సార్ అనగలడు, దానికి రెండో నొక్కు కూడా ఇచ్చింది, పాపం, సగంలో అరచేతిలో బొబ్బ లేచింది, చేయి మార్చింది, ఎడం చేత్తో నొక్కుతూ కుడి చేత్తో రాస్తోందని అప్పుడు గమనించుకుంది, నోటుబుక్కులో కొత్త పేజీ, గీతలు గీసి, వరస సంఖ్య, పొద్దుటి బరువు, నొక్కితే పగిలిందా సొట్ట పడిందా, ధ్వంసం చేస్తూ కూడా పట్టిక గీసుకునే రకం, బీయస్సీ చదివించినందుకు నాన్న సంతోషించాలి, ఇది కోపంతో చేస్తున్నానా, ఆ పిల్ల కోసమా, అని ఒకసారి తనను తానే అడిగింది, రెండూ అని జవాబు వచ్చింది, వాటిని తూచి వేరు చేసే ఓపిక లేక ఊరుకుంది, కొంచెం సంతోషం కూడా ఉంది, అది మాత్రం పట్టికలో రాయలేదు, పొద్దుటి రెండింటితో కలిపి వందోది నొక్కేసరికి మూడుంబావు, ఎనభై మూడు పగిలాయి, పదిహేడు సొట్టలు, ఏరి ఏరి పెట్టుకున్న వందకూ మళ్ళీ ఒక పోలిక వచ్చింది, ఒక్కటి కూడా ఎవరి రైఫిల్లోకీ వెళ్ళదు.

ఇక తిట్లు, తిట్లకు సిద్ధపడి మొహం కడుక్కుంది, బొట్టు దిద్దుకుంది, ఏమని మొదలుపెడతాడు, నా కొంప ముంచినావే అనా, కొడతాడా, ఇంతవరకు కొట్టలేదు, సూట్‌కేసు అటక మీద ఉంది, చక్రం విరిగింది, దానితో విమానం ఎలా ఎక్కడం, ఇలాంటివే వస్తాయి ఇలాంటప్పుడు, నాలుగుంబావుకు బెల్లు మోగింది, బెల్లుకే అతను లేచాడు, లుంగీ సర్దుకుంటూ హాల్లోకి వస్తూ బల్ల మీద డబ్బా చూశాడు, మూత తీసి ఉంది, వంద మెడలూ ఒకే వైపుకు నలిగి ఉన్నాయి, ఆగాడు, రాజేశ్వరి వైపు చూశాడు, నోరు తెరిచాడు, మళ్ళీ బెల్లు మోగింది, నోరు మూసి తలుపు తీశాడు, అర్బాబ్ తెల్లటి పొడుగంగీ దిష్‌దాషాలో, తల మీద కుమ్మా టోపీ, చేతిలో ఖర్జూరాల పెట్టె, అస్సలాము అలైకుమ్ అంటూ లోపలికి వచ్చాడు, వెనకే రయ్యా, నల్లటి అబాయా, నిద్ర లేని మొహం, ఆ కుడి కన్ను, రాజేశ్వరి దాన్నే చూసింది, నిజంగానే పెద్దది.

అర్బాబ్ కూర్చోకుండానే డబ్బాలోకి వంగి చూశాడు, ఏ క్యా హై, అన్నాడు, గొంతు చాలా మెల్లగా, రాజేశ్వరి వంటింటి గడపలో నిలబడి ఊపిరి పక్కకు తిప్పి వదిలింది, అలవాటుగా, ఇక మొగుడు నా వైపు వేలు చూపిస్తాడు అనుకుంది, చూపించనీ, అప్పుడు చెబుతాను, వరసగా, మొదటి నుంచి, ఆ ఒక్క పని సులువు చేస్తాడు కదా, వీరబ్రహ్మం రెండు చేతులూ కట్టుకున్నాడు, మాఫ్ కర్నా అర్బాబ్, లాట్ మొత్తం నేనే రిజెక్ట్ చేశాను, అన్నాడు హిందీలో, పొద్దున తూస్తే బరువులు తేడాగా వచ్చాయి, నాకు అనుమానం వచ్చింది, ప్లయర్‌తో నొక్కి చూశాను, పగిలింది, ఒక్కొక్కటీ నొక్కి చూశాను, ఎక్కువసార్లు కాల్చడం వల్ల లోహం అలిసిపోయింది, మీ బ్రాస్ పాడు చేశానని నన్ను పంపించేసినా సరే, మేడమ్ కంటి విషయం, నా చేతులతో నేను పాస్ చేయలేను, అన్నాడు, వల్లా, దేవుడి తోడు, అన్నాడు అర్బాబ్, వచ్చి అతని భుజాలు పట్టుకుని, ఏడు తరాల చేయి, వల్లా, నా కూతురి కన్ను కాపాడావు, రేపటికి కంపెనీ తూటాలే కాలుస్తుంది, పోటీ పోతే పోనీ, అన్నాడు, ఖర్జూరాల పెట్టె అతని చేతిలో పెట్టాడు, రాజేశ్వరికి ఖర్జూరాల వాసన వచ్చింది, బొబ్బ మండింది, మొత్తం ఐపోయింది, ఎంత తొందరగా, ఎంత శుభ్రంగా, ఒక్క మరక లేదు, టికెట్లు లేవు, తిట్లు లేవు, కన్ను పదిలం, ఇంకేం కావాలి, చాయ్ పెట్టాలి.

రయ్యా మాత్రం డబ్బా దగ్గరే ఉంది, నెల రోజుల సాధన ఆ వంద తొడుగుల మీదే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు, ఒక తొడుగు తీసి వెలుతురులో తిప్పి చూస్తూ ఇంగ్లీషులో, ఎన్ని పగిలాయి, అని అడిగింది, అన్నీ మేడమ్, దాదాపు అన్నీ, అన్నాడు వీరబ్రహ్మం, దాదాపు అంటే, అంది ఆ పిల్ల, అరవై, డెబ్బై ఉంటాయి మేడమ్, అంటూండగా, ఎనభై మూడు, అన్న మాట వినిపించింది, గట్టిగా ఏమీ కాదు, ఎయిటీ త్రీ, సెవెంటీన్ బెంట్, నాట్ క్రాక్‌డ్, ఎవరన్నారా అని రాజేశ్వరి కూడా తలెత్తి చూసింది, తనే, ముగ్గురూ గడప వైపు తిరిగారు, వీరబ్రహ్మం నవ్వాడు, కోపంగా కాదు, ముద్దుగా, ఇంట్లో చిలక మాట్లాడితే యజమాని నవ్వినట్టు, నేను నొక్కుతుంటే ఆమె రాసింది మేడమ్, లెక్క ఆమెకు బాగా గుర్తు, అన్నాడు, రాజేశ్వరి అతని కళ్ళలోకి చూసింది, మొహం చాటేస్తాడని, రెప్ప వేస్తాడని, ఊరుకో అని చూపుతో బతిమాలతాడని, అందులో ఏ ఒక్కటైనా చాలు, ఇంట్లో తర్వాత తేల్చుకోవచ్చు, అతను తేటగా, చల్లగా చూస్తున్నాడు, పొద్దుటి నుంచి చెమటలు పట్టి తూచినవాడిలా, అరచెయ్యి మండుతున్నవాడిలా, ఇందాక రెండు క్షణాల్లో, బెల్లుకూ బెల్లుకూ మధ్య, అతను ఆ పని అంతా చేసేశాడు, అబద్ధం ఆడటం లేదు, అబద్ధం ఆడేవాడి దగ్గర నిజం ఏదో ఒక మూల ఉంటుంది, అరిచో ఏడ్చో దాన్ని బయటికి లాగొచ్చు, ఇతని దగ్గర లేదు, ఆరేళ్ళ నుంచీ లేదు, వెతికినా దొరకదు, అర్బాబ్ దగ్గర లేదు, ప్రొద్దుటూరులో లేదు, రయ్యా ఇంకా తన వైపే చూస్తోంది, ఏదైనా చెబుతుందేమోనని, ఎవరి మీదా కోపం కూడా మిగల్లేదు, ఒక్కటే తెలుస్తోంది, తూచినదీ, కనిపెట్టినదీ, నొక్కినదీ ఎవరో తెలిసిన మనిషి ఈ భూమి మీద తను ఒక్కతే, తనూ ఇప్పుడు చాయ్ పెట్టడానికి లోపలికి వెళితే, ఆ మనిషి ఎప్పుడూ లేదు.